చౌక టిక్కెట్టు - చోదకుని నిద్ర

పెద్దయిన తరువాత ఏమవుతావని అడిగితే తరగతికొక బిడ్డయినా విమానం నడుపుతానంటుంది. ముచ్చటైన కోరికే. ఆ ఉద్యోగంలోని కష్టం కూడ ఆ బిడ్డకు తెలియవలె.

చౌక విమాన సంస్థలకు నేలపై నిలిచిన విమానం నష్టమే. అందుచేత దిగిన అరగంటకే అది తిరిగి ఎగరవలసి ఉంటుంది. ఆ కొద్ది వ్యవధిలోనే చోదకుడు ఇంధనమూ, వాతావరణమూ, బరువూ సరిచూచుకొనవలె. ఒక్కొక్క దినం ఇట్టి ప్రయాణాలు నాలుగు చేయవలసి వస్తుంది. ఒకనాడు వేకువ పని, మరొకనాడు నడిరేయి పని. యంత్రం దీనిని సహిస్తుంది గాని మానవ శరీరం సహించదు.

2010 మే 22న, అర్ధరాత్రి దాటిన పిమ్మట దుబాయిలో బయలుదేరిన ఒక చౌక విమానం ఉదయం మంగళూరులో కూలి 158 మంది మరణించారు. కెప్టెను పదివేల గంటల అనుభవం గలవాడు. అతడు దారిలో చాలసేపు నిద్రించాడనీ, ఆ మగత అతని నిర్ణయశక్తిని చెరచి ఉండవచ్చుననీ విచారణ సంఘం భావించింది.

చోదకుల వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచుతూ 2024లో నియమాలు వెలువడినవి. సిద్ధపడుటకు సంస్థలకు ఏడాదికి పైగా గడువు దొరికింది. అయినను 2025 డిసెంబరులో దేశంలోని అతిపెద్ద చౌక సంస్థ, చాలినంతమంది చోదకులు లేక, వేలాది ప్రయాణాలను రద్దు చేసింది. అప్పుడు దానికై రాత్రిపని నియమాలనే తాత్కాలికంగా సడలించారు. ఇది తగదు. వెల తగ్గించుటకు భోజనం మానవచ్చు, సామాను తగ్గించవచ్చు; చోదకుని నిద్రను మాత్రం తగ్గించరాదు.

"అలసితిని, నేడు నడపలేను" అని చెప్పగల ధైర్యం కూడ ఆ విద్యలో భాగమే. ఉపాధ్యాయులు ఆ బిడ్డకు దానిని నేర్పవలె; ఆ మాట అన్నవారిని శిక్షింపకుండుట మనమందరమూ నేర్వవలె.