ఉప్పునీటి అక్వేరియం.. నీరు కుదరకుండా చేపలా?

భీమవరం: చెరువులో నీరు కుదరకముందే సీడు వదిలే రొయ్యల రైతు ఈ ప్రాంతంలో అరుదు. నీటిని పరీక్షించి, పీహెచ్, అమ్మోనియా, సెలైనిటీ చూసుకున్న తరువాతే పిల్లను వదులుతారు. అదే రైతు పిల్లల ముచ్చట తీర్చేందుకు కొన్న అద్దాల తొట్టెలో మాత్రం నీరు పోసిన సాయంత్రానికే చేపలు తిరుగుతుంటాయి. మంచినీటి గోల్డ్‌ఫిష్ అయితే ఈ తొందరపాటును కొంతవరకు భరిస్తుంది. సముద్రపు చేప భరించదు. ఇంటర్నెట్ వీడియోలు చూసి తొలిసారి ఉప్పునీటి అక్వేరియం పెట్టేవారిలో అనేకులు మొదటి నెలలోనే దెబ్బతినడానికి మూలకారణం ఇదే.

చేప మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే. చెరువులో దీనిని మట్టి, నాచు, సూక్ష్మజీవులు కొంతమేర సర్దుబాటు చేస్తాయి. కొత్త తొట్టెలో అవేవీ ఉండవు. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంతగా హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లపైన, ఇసుకలో, ఫిల్టర్‌లో స్థిరపడాలి. అందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 వరకు ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అంతే అమ్మోనియా మరింత విషపూరితమవుతుందన్న సంగతి రొయ్యల రైతుకు కొత్తగా చెప్పనక్కర లేదు. ఈ వారాలన్నీ తొట్టెలో చేప ఉండకూడదు. రోజూ చిటికెడు మేత వేస్తూ పరీక్ష కిట్‌తో చూస్తుంటే మొదట అమ్మోనియా, ఆపై నైట్రైట్ పెరిగి తగ్గుతాయి. రెండూ సున్నాకు చేరి నైట్రేట్ కనిపించిన రోజే తొట్టె సిద్ధమైనట్లు.

ఏది ఉప్పునీరు?

ఇక్కడి రైతు ఉప్పునీరు అనేది వేరు, పగడపు దిబ్బల చేపకు కావలసిన ఉప్పునీరు వేరు. గోదావరి జిల్లాల్లో వనామీ సాగవుతున్న నీటిలో చాలాచోట్ల లవణాలు సముద్రంతో పోలిస్తే ఎంతో తక్కువ. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే వంద లీటర్ల తొట్టెకు మూడున్నర కిలోలకు పైగా అక్వేరియం ఉప్పు కావాలి. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. కాల్షియం, మెగ్నీషియం, పీహెచ్‌ను నిలబెట్టే క్షారత అందులో లభించవు.

పేరుపాలెం బీచ్ దగ్గరే కదా, నాలుగు డబ్బాలు నింపుకొస్తే పోదా అనుకునేవారూ లేకపోలేదు. వరదల కాలంలో వశిష్ఠ గోదావరి నీరు కలిసి తీరంలో ఉప్పు పడిపోతుంది, ఒండ్రు చేరుతుంది. ఒడ్డు నీటిని నేరుగా తొట్టెలో పోయడం జూదమే. ఆర్వో ప్లాంటు నీటిలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే ఉత్తమం. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించాలి.

కొత్తవారు చేసే మరో పొరపాటు తరిగిన నీటి స్థానంలో మళ్లీ ఉప్పునీరు పోయడం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అలా పోస్తూ పోతే చేప తట్టుకోలేని స్థాయికి ఉప్పు చేరుతుంది. రోజూ పోయవలసినది ఆర్వో నీరే. వేసవి సంగతి చెప్పక్కర్లేదు. ఈ చేపలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి అనుకూలం. నీరు వేడెక్కితే డీవో పడిపోతుంది, అప్పుడే కరెంటు పోతే చెరువులో ఏరియేటర్లు ఆగినట్లే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోవడం తప్పనిసరి.

చేప చనిపోతే ఇంటికి రావలసిన కీడు అదే మోసుకుపోయిందన్న నమ్మకం మన ఇళ్లలో ఉంది. అమ్మేవారికి దీనిని మించిన సదుపాయం లేదు! కీడు పోయిందని సంతోషించి కొనుగోలుదారు మరో చేప పట్టుకెళతాడు. నీటిలో అమ్మోనియా ఎంతో ఎవరూ చూడరు. సముద్రపు అలంకార చేపల రకాల్లో అత్యధికం నేటికీ హేచరీల్లో పుట్టినవి కావు, పగడపు దిబ్బల వద్ద పట్టి తెచ్చినవే. తొట్టెలో చనిపోయిన ప్రతి చేప స్థానంలో సముద్రం నుంచి మరొకటి తీయవలసి వస్తోంది.

దీనికి మినహాయింపు ఉంది. 2003 నాటి 'ఫైండింగ్ నీమో' చిత్రంతో పిల్లలందరికీ పరిచయమైన క్లౌన్ చేపను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో కృత్రిమంగా పునరుత్పత్తి చేసింది. హేచరీలో పుట్టిన ఈ చేప తొట్టె జీవితానికి, పొడి మేతకు అలవాటు పడి ఉంటుంది. అదే చిత్రంలోని నీలి టాంగ్ చేప సంగతి వేరు. దానిని కృత్రిమంగా పెంచడం 2016లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో గాని సాధ్యపడలేదు. పెరిగితే అడుగు పొడవుంటుంది. చిన్న తొట్టెలో దానిని పెట్టడం హింసే.

పగడాలు కొంటే జైలే

అందం కోసం పగడాలు కావాలనేవారు చట్టాన్ని మరువరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు గుర్రాలను చేర్చారు. ఉల్లంఘనకు కనిష్ఠంగా మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలుశిక్ష ఉంది. 'లైవ్ రాక్' పేరిట దొరికే రాళ్లు కూడా చాలావరకు పగడాల శకలాలే. సిరామిక్ రాళ్లపైనా బ్యాక్టీరియా చక్కగా పెరుగుతుంది.

కొనేముందు చేప ఏ హేచరీదో అడిగి, బిల్లుపై రాయించుకోవాలి. చెప్పలేని దుకాణంలో కొనకపోవడమే మేలు. వంద లీటర్ల తొట్టెకు తొలుత ఒక జత క్లౌన్ చేపలు చాలు. ఆ తరువాత మరో చేప వేయాలంటే కనీసం రెండు, మూడు వారాలు ఆగి, మళ్లీ నీరు పరీక్షించుకోవాలి.