గండిలో బండి

పోయిన శ్రావణమాసంలో మా అక్క కూతురు అమెరికా నుంచి ప్రొద్దుటూరు వచ్చింది. వస్తూ వస్తూ పది నెలల పాపనీ, రెండు పెద్ద పెట్టెల్నీ, ఒక మూడు చక్రాల బండినీ వెంటబెట్టుకొచ్చింది. పాపను చూడటానికి ఎంతమంది వచ్చారో, బండిని చూడటానికీ అంతమంది వచ్చారు. చిన్నపిల్లల సైకిలుకుండే లాంటి గాలి టైర్లు మూడు, చేతికో బ్రేకు, కాలికో బ్రేకు, లోపల కూర్చున్న పాపకు భుజాల మీదుగా, నడుం చుట్టూ, కాళ్ల మధ్య నుంచీ బెల్టు.

"ఏందిమే ఇది?" అని అడిగింది వాళ్లత్తగారు. పాపకు జేజి అన్నమాట. వియ్యాలవారిదీ ప్రొద్దుటూరే.

"దీంట్లో పాపను కూచోబెట్టుకోని పరిగెత్తుతా అత్తమ్మా."

అంతే. ఆ ఒక్క మాటతో రెండిళ్లల్లోనూ నిప్పంటుకుంది. బిడ్డతల్లి పరుగెత్తడమేమిటని కొందరు. పాపేమన్నా అరటిపండ్లా బండిలో తోసుకుపోవడానికి అని కొందరు. మేము నలుగురేసి బిడ్డల్ని చంకనేసుకుని పెంచలేదా అని మరికొందరు. ఈ చివరి ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. పెంచారు, నిజమే. ఆ చంకల కింద నడుములు ఏమయ్యాయో ఆ నడుముల్నే అడగండి. పైగా అప్పుడు చంకలు చాలా వుండేవి. అత్త చంక, ఆడబిడ్డ చంక, అవ్వ చంక, ఎవరూ దొరక్కపోతే పక్కింటి పిల్ల చంక. మా పిల్ల కాపురం డల్లాస్ దగ్గర. అక్కడ తెల్లవారితే వున్నది రెండే చంకలు, అందులో ఒకటి ఎనిమిదింటికల్లా ఆఫీసుకు పోతుంది.

ఆ పిల్ల పరుగెత్తేది సరదాకి కాదండీ. కడుపుతో వున్నప్పుడు షుగరు వచ్చింది. కాన్పయ్యాక తగ్గింది. కానీ అలా వచ్చినవాళ్లకి తర్వాత్తర్వాత అసలు షుగరు పట్టుకునే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువని, రోజూ ఒళ్లు కదిలించమని డాక్టరు చెప్పింది. మంచిదే. కానీ ఆ గంటసేపు పాపను ఎవరు చూసుకుంటారో మాత్రం చీటీ మీద రాయలేదు. మన ఇళ్లల్లో మాత్రం! "రోజూ నడవండమ్మా" అని చెప్పించుకుని వచ్చి, పాలవాడికీ, టిఫినుకూ, స్కూలు బస్సుకూ మధ్య ఆ గంట ఎక్కడా దొరక్క ఊరుకున్న వాళ్లు ఈ పేజీ చదువుతున్న వారిలో ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

నేను బి.ఏ. చరిత్ర చదివినదాన్ని. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో ఇప్పటికీ అనుమానమే. అయినా అందరూ తిడుతున్న ఆ బండిని గురించి ఒక్కరికైనా ఏమైనా తెలుసా అని సందేహం వచ్చి, దాంతోపాటు వచ్చిన పుస్తకం తీసుకుని కూర్చున్నాను. చరిత్ర నా సొంత సరుకు గనక దాన్నీ తవ్వాను. పిల్లల బండి మొదట దొరబిడ్డలది. 1733లో విలియం కెంట్ అనే ఆయన డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కోసం చేశాడు. దాన్ని లాగేది తల్లి కాదు, మేకో చిన్న గుర్రమో. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, విమానాల చక్రాలు మడిచే పనితనం తెలిసినవాడు, గొడుగులా ముడుచుకునే తేలిక బండి తయారుచేశాడు. ఇప్పుడు మన బజారుల్లో కనబడే బుల్లి చక్రాల బండ్లన్నీ దాని సంతానమే. ఇక పరుగు బండి సంగతి. అమెరికాలో యాకిమా అనే వూళ్లో పత్రికలో పనిచేసే ఫిల్ బెక్లర్ అనే తండ్రికి పరుగు పిచ్చి. కొడుకును వదిలిపోలేక పిల్లల బండికి సైకిలు చక్రాలు బిగించాడు. 1984లో అదే కంపెనీ అయింది.

గమనించారా? బిడ్డను వెంటబెట్టుకుని పరుగెత్తాలనుకున్న తండ్రి కొత్త వస్తువు కనిపెట్టినవాడై చరిత్రలోకి ఎక్కాడు. అదే బండిని తోసిన తల్లి ప్రొద్దుటూరులో గుండె లేని మనిషయింది.

సరే, అసలు గొడవకొస్తాను. శ్రావణ శనివారం గండికి పోదామన్నారు. ఎర్రగుంట్ల మీదుగా వేంపల్లె, అక్కడి నుంచి గండి. పాపఘ్ని కొండను కోసుకుని బయటపడే చోటది. ఆ సందువల్లే ఆ పేరు. అక్కడి వీరాంజనేయుడు శ్రీరాముడు బాణం మొనతో రాతి మీద గీసిన రూపమనీ, చిటికెనవేలు ఒక్కటీ పూర్తికాకుండా మిగిలిపోయిందనీ స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో ఆ జనం, ఆ తోపులాట చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. బండి తీసుకురావద్దని నేనే అన్నాను. చంకలో పాపతో అంతసేపు లైన్లో నిలబడలేనంది. పొద్దున్నే బయల్దేరి కొట్లకివతలే కారు ఆపించాం.

మా పిల్ల బండిని ఆపి, కాలి బ్రేకు తొక్కి, కదుల్తుందేమోనని ఒకసారి ఊపి చూసి, కాళ్లు కడుక్కోవడానికి పోయింది. బండి దగ్గర మా బావగారి తమ్ముడున్నాడు. పిల్లకు చిన్నాయన, అందుకని అందరికీ చిన్నాయనే. పాప ముఖాన ఎండ పడుతోందని ఆయనకు జాలి కలిగింది. మంచి మనిషే, కాదనను. బ్రేకు ఎత్తి, బండిని నీడలోకి జరిపాడు. అంతలో ఫోను మోగింది. చేయి వదిలాడు.

ఆ నేల చూడటానికి వాలుగా వున్నట్టే వుండదు. కానీ పెద్ద చక్రాలకు ఆ మాత్రం వాలు చాలు. చిన్న చక్రాల బండయితే రాయి అడ్డంపడి ఆగిపోయేదేమో. ఇది రాళ్ల మీద పరుగెత్తడానికే పుట్టింది. నాకు కేక కూడా రాలేదు. టెంకాయలు అమ్ముకునే ఒకావిడ కూర్చున్నచోటి నుంచే కాలు చాచి ముందు చక్రానికి అడ్డంపెట్టింది. బండి గిర్రున తిరిగి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. పాప బెల్టులో వున్నది వున్నట్టే వుండి, ఇంకోసారి తోయమన్నట్టు చేతులు కొట్టింది.

ఇక మొదలైంది. "ఆ దిక్కుమాలిన బండి తేవద్దంటే విన్నావా?" "బిడ్డకేమన్నా అయింటే ఎవురు జవాబు చెప్తారు?" "పరుగులంట పరుగులు!" తడికాళ్లతో వచ్చిన మా పిల్ల బిత్తరపోయి నిలబడింది. బ్రేకు వేసిందీ ఆవిడే, బెల్టు కట్టిందీ ఆవిడే, తిట్లు పడ్డదీ ఆవిడే. బ్రేకు తీసినాయన మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "యాడ చూసినా ఈ అమెరికా బండ్లింతే" అని తలాడించాడు. స్వామికి చిటికెనవేలు మిగిలిపోయిందంటే లోకం దణ్ణం పెట్టింది. మా చిన్నాయనకు బ్రేకు మిగిలిపోతే లోకం తల్లిని తిట్టింది.

ఆ రాత్రి పిల్ల బండిని మడిచి మంచం కిందకు తోసేసింది. కాలేజీ గ్రౌండుకు పోవడం మానేసింది. నా కోపమంతా అక్కడే. ప్రమాదం తప్పినందుకు కాదు అందరికీ సంతోషం, పరుగు ఆగినందుకు.

బిడ్డ క్షేమం కోసమే అంటారా? అయితే ఒక మాట అడుగుతాను. గండి నుంచి తిరిగొచ్చేటప్పుడు మా కారును ఎన్నో మోటారు సైకిళ్లు దాటిపోయాయి. పెట్రోలు ట్యాంకు మీద ఒక బిడ్డ, వెనకాల తల్లి ఒడిలో ఇంకొకటి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని మోటారు సైకిలు మీద ఎక్కించుకుంటే నడిపేవాడికి కలిపి బెల్టు కట్టాలనీ, 9 నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్ వుండాలనీ, గంటకు 40 కిలోమీటర్లు మించకూడదనీ 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో వుంది. మీ వీధిలో ఆ బెల్టు ఎవరైనా కట్టగా చూశారా? ఆ తండ్రిని ఎవరైనా "నువ్వేం తండ్రివి" అన్నారా? అంతెందుకు, పరుగు బండి అపాయమని గుండెలు బాదుకున్న జేజే పాపకు గుండ్రటి ప్లాస్టిక్ వాకరు కొనిపెట్టింది. ఆ వాకర్లు మెట్ల మీద నుంచి పిల్లల్ని పడేస్తున్నాయని కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. మన చిన్నప్పటి కొయ్య నడక బండి నయం, బిడ్డ నిలబడి తోసేది గాని అందులో వేలాడేది కాదు.

అలాగని బండి కొన్నవాళ్లందరినీ వెనకేసుకొస్తానని అనుకోకండి. గొప్పకు కొనేవాళ్లున్నారు. మూడు చక్రాలు కనబడగానే పరుగు బండే అనుకుంటారు. టైరు ప్లాస్టిక్‌దై, చక్రం జానెడు కూడా లేకపోతే అది పరుగు బండి కాదు, దాని వేషం. చక్రం పెద్దదై, గాలి టైరై, కుదుపు తగలకుండా స్ప్రింగులుండాలి. ముందు చక్రం అటూ ఇటూ తిరిగే రకమైతే పరుగు మొదలుపెట్టే ముందు దాన్ని తిన్నగా బిగించెయ్యాలి. వదులుగా వుంటే చిన్న రాయి తగిలినా చక్రం అడ్డం తిరిగి బండి బోర్లా పడుతుంది. ఈ ముందు చక్రం మీద పెద్ద కథే నడిచింది. సులువుగా వూడదీసే మీట వున్న చక్రాలు నడుస్తుండగానే వూడి పిల్లలకూ, పెద్దలకూ దెబ్బలు తగిలాయని అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2018 ఫిబ్రవరిలో బ్రిటాక్స్ కంపెనీ మీద కేసు పెట్టింది. అలాంటి బండ్లు దాదాపు 5 లక్షలట. చెప్పినట్టు వాడితే బండిలో లోపం లేదని కంపెనీ వాదన. చూశారా, అక్కడా తోసినవాళ్లదే తప్పు! చివరికి ఆ నవంబరులో రాజీపడి, ఎలా బిగించాలో వీడియోలు చూపించడానికీ, వేరే భాగాలు ఇవ్వడానికీ ఒప్పుకుంది. మీరు బండి ఎవరి దగ్గరైనా పాతది తీసుకుంటే, ఆ మీటను రోజూ తడిమి చూసుకోండి. పేరూ మోడలూ చెప్పి వెనక్కి పిలిపించిన రకమేమో కనుక్కోండి.

వయసు సంగతి ఇంకా ముఖ్యం. మెడ నిలవని బిడ్డను నడకకు తీసుకుపోవచ్చు, అదీ పడుకోబెట్టే వీలున్న బండిలో. పరుగుకు మాత్రం కూడదు. ఆరు నెలలు నిండకముందు వద్దే వద్దు, ఎనిమిది దాకా ఆగితే ఇంకా మంచిది, ఆ పైన పిల్లల డాక్టరు మాట. నెలలు తక్కువై పుట్టిన బిడ్డయితే ఇంకా ఆగాలి. బండికి ఒక పట్టీ వుంటుంది, దాన్ని మణికట్టుకు తగిలించుకోవాలి. అలంకారం అనుకుని దాన్ని కత్తిరించేసిన వాళ్లను నేనెరుగుదును! హ్యాండిలుకు కూరల సంచి తగిలించకండి, బిడ్డతో సహా వెనక్కి పడుతుంది. మన కడప ఎండలో బండిపైన పొడి గుడ్డ కప్పేవాళ్లున్నారు. 2023లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు కొలిచి చూస్తే లోపల చల్లబడకపోగా ఇంకా వేడెక్కింది. పల్చటి తడి గుడ్డ, దాంతోపాటు చిన్న ఫ్యాను వుంటే తగ్గింది. అసలు మన ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే ఇంటికి చేరాలి, అంతే.

ఇవన్నీ ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది ఒక్కటే, లేని రోడ్డు మీద తోయడం. మనిషి నడిచే దారి అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మన పట్టణాల్లో ఆ 1.8 మీటర్లలో ట్రాన్స్‌ఫార్మరూ, టీ బంకూ, మూత లేని కాలువా, నిద్రపోతున్న కుక్కా వుంటాయి. తల్లి మిగిలిన జాగాలో నడవాలి. రోడ్డు వేయనివాడిని వదిలేసి రోడ్డు మీద నడిచినదాన్ని పట్టుకోవడం మనకు అలవాటే.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు నేను పట్టుబట్టి మంచం కింద బండి బయటికి తీయించాను. జేజిని కూడా గ్రౌండుకు లాక్కుపోయాను. పిల్ల మైదానం చుట్టూ ఆరు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు పాప నిద్రపోయింది. జేజి సిమెంటు బెంచీ మీద కూర్చుని చూస్తూ చూస్తూ, బండి దగ్గరికి రాగానే లేచి తన కాలితో ఎర్రమీట తొక్కి, "ఇదేనా మే ఆ పొద్దు ఆయప్ప ఎత్తింది?" అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు గానీ ఇంటికొచ్చేదాకా మీట మీద నుంచి ఆవిడ చూపు తీయలేదు.

మా చిన్నాయన ఇప్పటికీ ఏ పెండ్లిలో కలిసినా నలుగుర్నీ కూర్చోబెట్టుకుని గండిలో అమెరికా బండి ఎలా జారిపోయిందో చెబుతుంటాడు. నేను వెనకాల నిలబడి, "బ్రేకు ఎవరు ఎత్తారు చిన్నాయనా?" అని అడుగుతాను. ఆయన కాఫీ వచ్చిందేమో చూసి రమ్మంటాడు.