పిల్లల ఆటలో జూదం

గవ్వలాటలోనూ, వైకుంఠపాళిలోనూ అదృష్టానికి చోటుంది, పందేనికి లేదు. ఈ భేదాన్ని వీడియో క్రీడల నిర్మాతలు కొందరు విస్మరించారు.

1996లో జపానులో వెలువడిన తొలి పోకెమాన్ క్రీడలలో ఒక జూదశాల ఉండేది. బాలుడు క్రీడలోని సొమ్ముతో నాణేలు కొని, స్లాట్ యంత్రంలో వేసి, గెలిచిన నాణేలతో అరుదైన జీవులను పొందేవాడు. అసలు ధనం పోలేదు కదా అని సమర్థకులు వాదిస్తారు. నిజమే. అయితే ఓడిన బాలుడు యంత్రాన్ని ఆపి, ఆటను భద్రపరచిన చోటి నుండి తిరిగి మొదలుపెట్టవచ్చు. పోయిన నాణేలన్నీ తిరిగి చేతికి వస్తాయి. నిండుసభలో ధర్మరాజుకు ఆ సౌకర్యం లేకపోయింది! జూదంలోని ఆశను చూపి, నష్టాన్ని మరుగుపరచే ఈ విద్య బాలలకు తగదు.

ఐరోపాలో వర్గీకరణ సంస్థ పెగి 2020 నుండి, జూదం నేర్పే కొత్త క్రీడలను 18 ఏండ్ల వర్గంలో చేరుస్తోంది. జూదం లేకుంటే ఆట చప్పబడుతుందన్న భయమూ నిరాధారమే. 2010లో జపాను వెలుపల విడుదలైన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ క్రీడలలో స్లాట్ యంత్రాలకు బదులు అంకెలను బట్టి పలకలు తిప్పే ఆట వచ్చింది. అందులోనూ అదృష్టం ఉంది, బహుమతులూ ఉన్నాయి. నాణేలు కొనే వీలు మాత్రం లేదు.