పదవి యిచ్చి బలమీయరా?

ఒక సంస్కరణమునకై యొక మనుష్యుని నియమించి, పిదప నాతని నొంటరిగా విడిచిపెట్టుట ఆ సంస్కరణమును చంపుటకు మిక్కిలి మర్యాదయైన మార్గము. నేడు మన కార్యాలయములలో పెక్కింట జరుగుచున్న దిదియే. స్త్రీలకును, దళితులకును, గిరిజనులకును, అంగవైకల్యము గలవారికిని ఉద్యోగములలో సమానమైన చోటు కల్పింపుడని యొకరికి బాధ్యత యొప్పగింతురు. వారి పేరు గోడమీద వ్రాయింతురు. అటుపిమ్మట వారి మాట వినువా డుండడు.

చట్టములు లేవనుటకు వీలులేదు. 10 మంది గాని అంతకెక్కువమంది గాని పనిచేయు ప్రతిచోటను లైంగిక వేధింపుల విచారించుటకు అంతర్గత సంఘ ముండవలెననియు, సీనియరు ఉద్యోగిని దాని కధ్యక్షురాలు కావలెననియు 2013 నాటి చట్టము విధించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద 2017లో వెలువడిన నిబంధనలు, 20 మందికి తక్కువగాక ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సయితము లైజాన్ ఆఫీసరును నియమింపవలె నన్నవి. కాని యా యధ్యక్షురాలును, ఆ యాఫీసరును అదే యజమాని చేతి జీతము తినువారే గదా! వారి ప్రమోషను, బదిలీ ఆతని చేతిలోనివే. యజమానికి కుడిభుజమైనవాని మీదనే ఫిర్యాదు వచ్చిన దినమున వారికి దిక్కెవరు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రాజస్థానములో భన్వరీదేవి ప్రభుత్వపు మహిళాభివృద్ధి పథకమున సాథిన్‌గా పనిచేయుచుండెను. బాల్యవివాహములు మాన్పించుట ఆమె విధులలో నొకటి. ఆ విధిని నిర్వర్తించినందులకే 1992లో ఆమెపై సామూహికాత్యాచారము జరిగెను. 1995లో జిల్లా న్యాయస్థానము నిందితులను ఆ నేరమునుండి విడిచిపుచ్చెను. ఆ యుదంతము నాధారముగా గొని స్త్రీసంఘములు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 1997లో విశాఖా తీర్పు వెలువడినది. 2013 నాటి చట్టమునకు మూల మా తీర్పే. పని యొప్పగించినవారు రక్ష నొసంగకపోవుటవలన కలిగిన ఘోరమునుండి యీ చట్టము పుట్టినది. అట్టి చట్టము క్రింద నియమింపబడినవారినే మరల నిస్సహాయులుగ విడుచుట యెంతటి విపరీతము!

మన తెలుగునాటి చరిత్ర మరియొక పాఠము చెప్పుచున్నది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన కీర్తి వీరేశలింగము పంతులుగారిది. అయినను పైడా రామకృష్ణయ్యగారి ధనము, విద్యార్థుల తోడ్పాటు, రాజ్యలక్ష్మమ్మగారి ధైర్యము లేకున్న ఆ పందిరి నిలిచియుండునా? సంస్కర్తను పొగడుట సులభము. ఆతని ప్రక్కన నిలుచుటయే కష్టము.

“యోగ్యత చూడవలెను గాని వర్గము చూడనేల?” అని కొందరందురు. చక్రముల కుర్చీ మెట్లకడ నాగిపోయిన చోట ఆ కుర్చీలోనివాని యోగ్యత లోపలివారి కెట్లు తెలియును? తలుపు తెరచుటకే యీ యధికారులు. తెరచిన పిదప యోగ్యతను చూడకుండ నెవ్వరును ఆపలేదు.

యజమాని దయపై నిలుచు పదవి ఆతని మనసు మారిననాడే కూలును. 2025 జనవరిలో క్రొత్త యధ్యక్షుడు వచ్చిన దినముననే అమెరికా సమాఖ్య ప్రభుత్వము తన శాఖలలోని యిట్టి విభాగముల నెత్తివేయ నుత్తరువు చేసినది. హైదరాబాదులో అమెరికను కంపెనీల కార్యాలయములు పెక్కులు గలవు. అచ్చటి గాలికి ఇచ్చటి దీపము లారిపోరాదు. ఈ దేశపు చట్ట మీ దేశముననే యున్నదని వారు మరువరాదు.

మేము కోరునవి గొప్ప వరములు కావు. ఈ బాధ్యత వహించినవారు సంస్థాధిపతితో నేరుగ మాటలాడ గలుగవలెను. ఈ పనికి పట్టు గంటలను ఉద్యోగపు గంటలుగనే లెక్కింపవలెను. అసలు పని ముగించి, రాత్రి దీపము పెట్టుకొని చేయు పుణ్యకార్యముగ దీనిని భావింపరాదు. ఖర్చునకు ప్రత్యేకముగ ధనము కేటాయింపవలెను. విధి నిర్వహణమునకై పగ తీర్చుకొనబడకుండ వ్రాతపూర్వకమైన రక్ష నొసంగవలెను. వారు చేసిన సిఫారసులలో నెన్ని యమలుజరిగినవో యేటేట ఉద్యోగులందరి యెదుట చెప్పవలెను.

తోటి యుద్యోగులకును ఒక మాట. దళితుని యవమానము దళితుడే చెప్పుకొనవలెను, స్త్రీ బాధ స్త్రీయే మోయవలెను అని మీరు మౌనము వహించినచో, ఎంత గట్టి చట్టమైనను కాగితముననే యుండును. సభలో ఆ యధికారి లేచి నిలిచినపుడు, ఆ మాట నిజమని చెప్పుటకు మరియొక్కరు లేవవలెను. ఆ రెండవవాడు మీరేల కారాదు?