బోటు ఇంజను మార్చే ముందు లెక్క చూసుకుందాం

వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15న ఒడ్డుకు చేరిన బోట్లు జూన్ 14 దాకా, 61 రోజులు, ఇసుక మీదే ఉంటాయి. వలలు బాగుచేసుకునేదీ, బోటుకు రంగేసుకునేదీ, ఇంజను విప్పి చూసుకునేదీ ఈ రోజుల్లోనే. విప్పిన తర్వాత మెకానిక్కు పెదవి విరిస్తే, ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర ఉండదు.

గత నెల సంఘం సమావేశానికి అలాంటి సభ్యుడొకాయన వచ్చాడు. శ్రీకాకుళం తీరంలోని ఊరు. ఎకరంన్నర మెట్ట భూమి, ఒక ఫైబర్ బోటులో సగం వాటా. పదేళ్లు లాగిన 10 హెచ్‌పీ డీజిల్ ఇంజను ఈసారి చేతులెత్తేసింది. "పక్కూరోళ్లు 25 హెచ్‌పీ పెట్రోలు ఇంజను ఏసుకున్నారన్నా. మాకంటే ముందు ఒడ్డుకొచ్చేత్తన్నారు. అప్పిచ్చే షావుకారు కూడా ఉన్నాడు. తీసుకోమంటారా?" అని అడిగాడు. ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత కొందరు సరంగుల్నీ, ఇంజన్లు బాగుచేసే ఇద్దరు మెకానిక్కుల్నీ కలిసి, దొరికిన పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

రైతు సంఘం పత్రికలో బోటు ఇంజను గొడవేమిటని మెట్ట ప్రాంతం సభ్యులు కొందరికి అనిపించవచ్చు. స్వామినాథన్ కమిషన్ తర్వాత 2007లో కేంద్రం ప్రకటించిన జాతీయ రైతు విధానం రైతు అనే మాటకు చెప్పిన అర్థంలో కౌలుదార్లు, వ్యవసాయ కూలీలు, పశుపోషకులతోపాటు మత్స్యకారులూ ఉన్నారు. కాగితం మాట పక్కన పెట్టినా, మన తీర గ్రామాల్లో ఒకే ఇంట్లో అన్న అరక పడితే తమ్ముడు వల పడతాడు. ఇద్దరి అప్పూ ఒకే వాకిట్లోకి వస్తుంది.

అసలు ఈ హెచ్‌పీ పోటీ మనకు కొత్త కాదు. బోర్లు వేసిన రోజుల్లో పక్క రైతు 5 హెచ్‌పీ మోటారు దించితే మనం ఏడున్నర దించాం. మనది చూసి అతను పది దించాడు. భూమిలో నీళ్లు పెరగలేదు, మోటార్లు కాలాయి. అప్పట్లో మేమూ పెద్ద మోటారు వైపే మొగ్గాం, దాచడం దేనికి. సంద్రంలో ఇప్పుడు అదే నడుస్తోంది.

నీళ్ల సంగతి కొంచెం అర్థం చేసుకోవాలి. బోటు నీటిని తోసుకుంటూ పోయేటప్పుడు దాని పొడవును బట్టి ఒక సహజ వేగం ఉంటుంది. నీటిని తాకే పొడవు 25 అడుగులున్న బోటుకు అది సుమారు గంటకు ఆరున్నర నాట్లు, అంటే 12 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గరకు వచ్చేసరికి బోటు తన ముందు తానే ఒక అల కట్టుకుని, ఆ అలను ఎక్కడానికి పెనుగులాడుతుంది. తేలికగా ఉన్న ఫైబర్ బోటు పెద్ద ఇంజనుతో ఆ అలెక్కి నీటి మీద జారుతుంది, నిజమే. కానీ వల, ఐసు, ఆరుగురు మనుషులు, వచ్చేటప్పుడు చేపలు ఉన్న బోటు అలా జారదు. అక్కడ అదనంగా పోసే నూనెలో ఎక్కువ భాగం వెనక తెల్లటి నురగగా పోతుంది.

ఆ సహజ వేగం లోపల కూడా లెక్క ఇలా ఉంటుంది. వేగం పదో వంతు తగ్గిస్తే గంటకు తాగే నూనె నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ప్రయాణం కొంచెం ఎక్కువసేపు పట్టినా, మొత్తం ట్రిప్పు మీద దాదాపు అయిదో వంతు మిగులుతుంది. 12 నాటికల్ మైళ్ల దూరంలోని వేట చోటుకు ఆరు నాట్ల మీద పోతే రెండు గంటలు. 5.4 నాట్ల మీద పోతే రెండు గంటల 13 నిమిషాలు. ఆ 13 నిమిషాల కోసం అయిదు లీటర్లకు ఒక లీటరు సంద్రంలో పోస్తున్నామన్నమాట. కొత్త ఇంజను కొనకపోయినా, రేపు నిషేధం ఎత్తేసిన రోజు నుంచే ఈ పొదుపు చేతిలో ఉంది.

ఇక ఇంజన్ల రకాలు. పూర్తి దమ్ము మీద నడిపితే చిన్న డీజిల్ ఇంజను ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు పావు లీటరు తాగుతుంది. ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజను లీటరులో మూడో వంతు. కార్బొరేటరున్న పాత పద్ధతి టూ స్ట్రోకు ఇంజను అర లీటరుకు కాస్త తక్కువ. టూ స్ట్రోకులో కాలని పెట్రోలు కొంత పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఇంజను వెనక నీటి మీద రంగుల పొర తేలడం మీరంతా చూసే ఉంటారు. ఆ రంగు మన డబ్బే. పైగా పెట్రోలులో ఆయిలు కలిపిన ఖర్చు వేరే.

పది హెచ్‌పీ ఇంజను, రోజుకు అయిదు గంటలు, ఏడాదికి 200 రోజుల వేట అనుకుందాం. వెయ్యి గంటలు. డీజిల్ లీటరు వంద, పెట్రోలు 110 అని లెక్క సులువుకు పెట్టుకుందాం. డీజిల్ ఇంజనుకు రెండున్నర లక్షలు. ఫోర్ స్ట్రోక్ పెట్రోలుకు మూడు లక్షల 60 వేల పైన. టూ స్ట్రోకుకు అయిదు లక్షల పాతిక వేల పైన. ఇది పూర్తి దమ్ము మీద లెక్క. నెమ్మదిగా నడిపేవాళ్లకు మూడూ తగ్గుతాయి, కానీ వాటి మధ్య తేడా ఉండనే ఉంటుంది. షాపులో డీజిల్ ఇంజను ధర ఎక్కువని వెనక్కు తగ్గేవాళ్లు ఆ ఎక్కువ సొమ్ము ఎన్ని నెలల నూనెతో సమానమో ఈ లెక్కలోంచి చూసుకోవాలి. మన సభ్యుడు చూసుకున్న 25 హెచ్‌పీ టూ స్ట్రోకునైతే పూర్తిగా తిప్పితే గంటకు 12 లీటర్లు, 1,300 రూపాయలు. అతని పాత ఇంజను పూర్తిగా తిప్పినా గంటకు 250 రూపాయలే తాగేది.

అలాగని డీజిల్ అంటే కళ్లు మూసుకుని తీసుకోమని కాదు. డీజిల్ ఇంజను బరువు. హార్బరు లేని ఊళ్లలో, రోజూ బోటును ఒడ్డుకు లాగే చోట, ఆ బరువు భుజాల మీద పడుతుంది. బోటు వెనక పలక దానికి తట్టుకుంటుందో లేదో వడ్రంగికో, బోటు కట్టినవాడికో చూపించాలి. చప్పుడు, అదురు ఎక్కువ. మరోవైపు, నీటితో చల్లబడే ఇంజన్లకు మన ఒడ్డు ఇసుక శత్రువు. అల విరిగే చోట ఇసుక కలిసిన నీళ్లు లోపలికి లాగి పంపు రబ్బరు రెక్కలు అరిగిపోతాయి. తర్వాత ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. ఆ రకం తీసుకుంటే ప్రతి వేట తర్వాత మంచినీళ్లతో కడగడం తప్పదు. ఊళ్లో తాగడానికే నీళ్లు మోసుకొచ్చేవాళ్లు ఇంజను కడుగుతారా అన్నది ఎవరికి వారు నిజాయితీగా చెప్పుకోవాలి. గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజనుకు ఆ బాధ లేదు. పెట్రోలుతో ఇంకో భయం ఉంది. బోటులో స్టవ్వు వెలిగించి వంట చేసుకుంటాం, బీడీ కాలుస్తాం, పెట్రోలు క్యాన్లు గుడిసెలో దాస్తాం.

నీళ్లలో తిరిగే ఫ్యానును చాలామంది పట్టించుకోరు. ఇంజను మంచిదైనా దానికి తగని ఫ్యాను బిగిస్తే సగం సొమ్ము వృథా. మామూలు బరువుతో బోటును పూర్తి దమ్ము మీద నడిపినప్పుడు ఇంజను దాని పుస్తకంలో రాసిన చుట్లు అందుకోవాలి. అందుకోకుండా నల్ల పొగ కక్కుతుంటే ఫ్యాను మరీ బరువైనదని. చుట్లు దాటిపోతుంటే మరీ తేలికదని. వేగంగా పరిగెత్తే బోటు కోసం చేసిన చిన్న ఫ్యాను వల మోసే బోటుకు పనికిరాదు. గేరు ద్వారా నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను అదే నూనెతో ఎక్కువ తోస్తుంది. రాయికి తగిలి రెక్క అంచు పళ్లు పళ్లుగా అయినా, అడుగున గుల్లలు పట్టినా నూనె లాగుతుంది. నిషేధం రోజుల్లో గీకడానికి కూలీ తప్ప ఖర్చు లేదు.

ఇవన్నీ మేము కనిపెట్టినవి కావు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలుపెట్టి, మన తూర్పు తీరం అలల మీద ఒడ్డుకు దిగగలిగే చిన్న డీజిల్ బోట్ల మీద పనిచేసింది. అందులో పనిచేసిన నార్వే ఇంజనీరు గుల్‌బ్రాండ్‌సెన్ చిన్న చేపల బోట్లలో ఇంధన పొదుపు మీద రాసిన చేతిపుస్తకాన్ని అదే సంస్థ 2012లో వేసింది. వేగం తగ్గించు, అవసరానికి మించిన ఇంజను పెట్టకు, పెద్ద ఫ్యానును నెమ్మదిగా తిప్పు అన్నవే అందులో ముఖ్యమైన మాటలు. అది తెలుగులో మత్స్యకారుడి చేతికి రావలసింది. రాలేదు.

మన సభ్యుడు అన్నదాంట్లో ఒక నిజం మాత్రం ఉంది. ముందు ఒడ్డుకొచ్చిన బోటుకు మంచి ధర దొరుకుతుంది. నాలుగో బోటు వచ్చేసరికి వ్యాపారి మాట మారుతుంది. ఐసు పెట్టెలు, వేలం అరుగు, చేపను రెండు గంటలు నిలబెట్టుకునే చోటు ఊళ్లో ఉంటే ఈ పరుగు ఉండదు. అవి లేకపోవడం వల్ల పుట్టిన తొందరకు మన మనిషి హెచ్‌పీలు కొంటున్నాడు.

ఇంకో మాట ఘాటుగానే చెప్పాలి. చాలా ఊళ్లలో వాటాల పద్ధతి ఉంది. చేప అమ్మిన సొమ్ములోంచి ముందు నూనె, ఐసు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలినది బోటుకు, వలకు, మనుషులకు పంచుతారు. ఊరూరికీ లెక్క వేరైనా, నూనె ఖర్చు ముందు పోవడం అన్నిచోట్లా ఉన్నదే. అంటే ఇంజను ఎంచుకునేది యజమాని, అది తాగే నూనెకు కట్టేది వల లాగేవాడు కూడా. చేపలు తక్కువ పడిన రోజు నూనె తీసేస్తే పంచుకోవడానికి ఏమీ మిగలదు. అలాంటి రోజులు వరసగా వచ్చిన ఇంట్లోంచే కుర్రాడు గుజరాత్‌లోని వీరావల్ బోట్లెక్కడానికి రైలెక్కుతాడు. అలా వెళ్లినవాళ్లలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. అందుకని ఇంజను మార్చేటప్పుడు బోటులో పనిచేసే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలని మా అభిప్రాయం. యజమానులకు ఇది రుచించకపోవచ్చు.

షావుకారు ఇచ్చే అప్పు సంగతి రైతులకు చెప్పనక్కర్లేదు. ఇంజనుకు డబ్బిచ్చినవాడు వడ్డీ అడగకపోవచ్చు. చేప మాత్రం తనకే పోయాలంటాడు, ధర తనే చెబుతాడు. పురుగుమందుల కొట్టులో అప్పు చేసి పత్తి అక్కడే కొలిచినట్టు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి మత్స్యకారులకూ ఇస్తున్నారు. అది ఇంజను కొనడానికి కాదు, నూనె, ఐసు, కూలీల వంటి రోజువారీ పెట్టుబడికి. గడువులోగా కట్టినవాళ్లకు నాలుగు శాతం వడ్డీ పడుతుంది. నూనె డబ్బు బ్యాంకు నుంచి వస్తే షావుకారు దగ్గర కనీసం ఒక ముడి వదులుతుంది. కార్డు లేని బోటు సభ్యులు సంఘం ఆఫీసుకు రండి, దరఖాస్తు నింపిస్తాం.

ప్రభుత్వం సంగతి. మన రాష్ట్రంలో డీజిల్ రాయితీ 2019లో లీటరుకు 6.03 రూపాయల నుంచి తొమ్మిది రూపాయలకు పెరిగింది. అప్పుడు డీజిల్ 70 పైచిలుకు. తర్వాత అది 97 దరిదాపులకు చేరింది. చిన్న మోటారు బోటుకు నెలకు 300 లీటర్ల పరిమితి. పది హెచ్‌పీ డీజిల్ ఇంజనుకు అది 24 రోజులకు సరిపోతుంది. ఇరవై హెచ్‌పీ పెడితే 12 రోజులకే అయిపోతుంది. పెట్రోలు ఇంజనుకు ఈ డీజిల్ రాయితీ అక్కరకు రాదు. ఇంజను ఎంచుకునేటప్పుడు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా డిమాండ్లు మూడు. రాయితీని పెరిగిన డీజిల్ ధరకు ముడిపెట్టాలి. సంప్రదాయ మత్స్యకారుల బోట్లు, వలల మార్పిడికి సాయం ఉన్నట్టే, తక్కువ నూనె తాగే ఇంజను మార్పిడికీ స్పష్టంగా సాయం ఇవ్వాలి. రాయితీ మీద ఇచ్చే ప్రతి ఇంజనుకూ గంటకు ఎంత తాగుతుందో తెలుగులో రాసి అతికించాలి. ఫ్రిజ్జుకు చుక్కలు వేసినప్పుడు బోటు ఇంజనుకు ఎందుకు వేయరు?

మన సభ్యుడు ఇంకా ఏ ఇంజనూ తీసుకోలేదు. అతను పది హెచ్‌పీ డీజిల్ వైపు వచ్చాడు గానీ, మిగతా సగం వాటా ఉన్న బావమరిది మాత్రం 25 దగ్గరే ఉన్నాడట. ఇద్దరికీ ఒక పని అప్పజెప్పాం. జూన్ 15న బోట్లు కదిలాక, వాళ్ల ఊరి డీజిల్ బోటు ఒకటి, పక్కూరి పెట్రోలు బోటు ఒకటి ఒకే చోటుకు వేటకు పోతాయి. బయల్దేరేటప్పుడు క్యాను మీద గీత దాకా నూనె పోసి, తిరిగొచ్చాక లీటరు సీసాతో మళ్లీ గీత దాకా పోసి ఎన్ని సీసాలు పట్టాయో రాస్తారు. పోయిన దూరం, పట్టిన సమయం ఫోనులో చూసి రాస్తారు. ఎన్ని చేపలు, ఏ ధర, మనిషికి ఎంత వాటా వచ్చిందో కూడా. పది వేటల లెక్క వచ్చాక ఆగస్టు సంచికలో ఉన్నదున్నట్టు వేస్తాం. మీ బోటు లెక్కా రాసి పంపాలనుకుంటే జూన్ మొదటి ఆదివారం సమావేశానికి ఒక నోటుపుస్తకంతో రండి.