కొండెక్కే ముందు

రామన్నపేటలో ఉంటున్న మా మేనల్లుడు దూరపు పరుగులో పేరు తెచ్చుకోవాలని రోజూ తెల్లవారకముందే చిట్యాల దారిలో పరుగెత్తుతుంటాడు. ఊటీలో నెల్లాళ్ళు సాధన చేస్తే తిరుగుండదని ఎవరో చెప్పారట. అందుకోసం అప్పు చేయడానికి మా బావ సిద్ధపడ్డాడు. నన్నడిగితే "ఇప్పుడే వద్దు" అన్నాను. కుర్రవాడు చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకు వద్దన్నానో వివరంగా చెప్పవలసిన బాధ్యత నాకుంది.

కొండమీది సాధన బూటకమని నేననడం లేదు. ఎత్తుకు వెళ్ళినకొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు మారదు కాని పీడనం తగ్గుతుంది. ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆ లోటును పసిగట్టి మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో ఎముకల మజ్జ ఎర్ర రక్తకణాలను అధికంగా తయారుచేస్తుంది. 1968లో సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో నగరంలో ఒలింపిక్స్ జరిగినప్పుడు, కెన్యా ఎత్తైన నేలలో పెరిగిన కిప్ కీనో 1,500 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచాడు. అవే క్రీడల్లో ఆస్ట్రేలియా మేటి రాన్ క్లార్క్ 10,000 మీటర్ల పరుగు ముగించి స్పృహతప్పి పడిపోయాడు. ఎత్తు మహిమను లోకం కళ్ళారా చూసింది.

తెలుగు నేలమీద 2,000 మీటర్ల శిఖరం ఒక్కటీ లేదు కనుక మనవాళ్ళు ఊటీ వైపు చూడటం సహజమే. కాని కొత్త రక్తకణాలు శూన్యంలోంచి పుట్టవు, వాటికి ఇనుము కావాలి. ఒంట్లో ఇనుము నిల్వలు లేనివాడు కొండమీద నెలరోజులున్నా తెచ్చుకునేది అలసటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు. మగపిల్లలూ దీనికి పూర్తిగా అతీతులు కారు. అలాంటి దేశంలో మొదట అడగవలసిన ప్రశ్న "ఏ కొండ?" అని కాదు, "ఒంట్లో రక్తమెంత?" అని.

అవినాశ్ సాబ్లేను చూడండి. మనలాగే కరువెరిగిన దక్కను నేల, మహారాష్ట్రలోని బీడ్ జిల్లా అతనిది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో సాధన చేశాడు, నిజమే. 2022 కామన్వెల్త్ క్రీడల స్టీపుల్‌చేజ్‌లో రజతమూ గెలిచాడు. కాని అంతకు ముందే సైన్యంలో చేరి, ఏళ్ళ తరబడి పరుగెత్తి, జాతీయ రికార్డులు నెలకొల్పాడు. మన పక్కనే ఉన్న భువనగిరి సంగతీ అంతే. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట పాఠాలు నేర్చింది ఆ కోట బండమీదనే. డార్జిలింగ్, లడఖ్ ఆ తరువాతి మెట్లు.

సెకన్ల కోసం పెనుగులాడే దశకు చేరినవాడికి ఎత్తు అక్కరకొస్తుంది. ఇంకా నిమిషాలు తగ్గించుకోవలసినవాడికి కావలసింది వేళకు తిండి, కంటినిండా నిద్ర, తప్పులు దిద్దే గురువు, కొన్నేళ్ళ ఓపిక. వీటిలో ఏదీ నెల్లాళ్ళ బసతో కొనితెచ్చుకోగలిగేది కాదు. ఆ మాట చెప్పకుండా కొండ ఆశ చూపించడం పేదపిల్లల పట్ల చేసే అన్యాయమని నా అభిప్రాయం.

మొన్న మేనల్లుడు ఫోను చేశాడు. రక్తపరీక్ష చేయించుకున్నాడట. మగవాళ్ళకు కనీసం 13 ఉండవలసిన హిమోగ్లోబిన్ అతనికి 11 ఉంది. "ఇన్నాళ్ళూ దమ్ము చాలడం లేదనుకున్న మామా" అన్నాడు. ఊటీ మాట ఎత్తలేదు. డాక్టరు మూడు నెలలకు మందులు రాశాడట. బావ అప్పు చేయవలసిన పని తప్పింది.