రీబూట్‌కు ముందు ఒక ప్రమాణం

కాణిపాకం మా ఐరాల మండలంలోనే ఉంది. అబద్ధమాడినోడు అక్కడ ప్రమాణం చేయడానికి జంకుతాడు. కాన్ఫిగ్ ఫైల్‌కు అలాంటి భయమేం లేదు!

పోయినేడాది ఓ రాత్రి ఇంటి నుంచే లినక్స్ సర్వర్‌కు కొత్త డిస్క్ కలిపాను. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో దాని యూయూఐడీ ఒక్క అక్షరం తప్పు కొట్టాను. రీబూట్ చేస్తే, లేని డిస్క్ కోసం 90 సెకన్లు చూసి సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. ఇక్కణ్నుంచి లాగిన్ కూడా లేదు. తెల్లవార్లూ జాగారమే.

ఇప్పుడో చిన్న షెల్ స్క్రిప్టు రాసి పెట్టుకున్నా. కామెంట్లు వదిలేసి, లైన్‌కి ఎన్ని ఫీల్డులో 'ఆక్'తో లెక్కపెడుతుంది. నాలుగుకు తగ్గకూడదు, ఆరు దాటకూడదు. ఆ యూయూఐడీ డిస్క్ నిజంగా ఉందో లేదో కూడా చూస్తుంది. తేడా ఉంటే లైన్ నంబర్ చెప్పి, 'ఎగ్జిట్ 1'తో ఆగిపోతుంది.

మీరూ అంతే. ఫైల్‌తో ముందు ప్రమాణం చేయించండి, తర్వాతే రీబూట్!